అరెస్టయిన సంఘ నాయకులను స్టేషన్‌లో కొట్టారు: బాధ్యులపై చర్య కోరడం ఎలా?

ప్రశ్న (సంఘం కార్యదర్శి)

అందరికీ నమస్కారం. మాది పారిశుధ్య కార్మికుల సంఘం. వేతన బకాయిల కోసం కలెక్టరేటు ఎదుట శాంతియుతంగా ధర్నా చేస్తుండగా మా నాయకులు నలుగురిని పోలీసులు వ్యాన్ ఎక్కించి తీసుకువెళ్లారు. మొదట ముందస్తు అరెస్టు అన్నారు. సాయంత్రానికి మాట మార్చి, ప్రభుత్వోద్యోగుల విధులకు ఆటంకం కలిగించారని కేసు నమోదు చేశారు. ఆ రాత్రి నలుగురినీ లాకప్‌లో ఉంచకుండా మేడ మీది గదికి ఒక్కొక్కరిగా తీసుకువెళ్లి, కుర్చీకి కాళ్లు కట్టి అరికాళ్ల మీద లాఠీతో కొట్టారు. ధర్నాకు డబ్బులిచ్చిన వారి పేర్లు చెప్పమని, ముందే రాసి ఉంచిన కాగితాల మీద సంతకం పెట్టమని అడిగారట.

మర్నాడు ప్రభుత్వాసుపత్రిలో డ్యూటీ డాక్టరు పోలీసుల ఎదుటే “ఏమైనా దెబ్బలున్నాయా?” అని అడిగి, ఎవరూ మాట్లాడకపోవడంతో గాయాలు లేవని రాసిచ్చారు. మేజిస్ట్రేటు గారి ముందు కూడా ముగ్గురు భయపడి నోరు విప్పలేదు. నాలుగో వ్యక్తి మాత్రం జైలులో చేర్చుకునేటప్పుడు అక్కడి వైద్యుడికి పాదాలు చూపించారు. పాదాలు వాచి ఉన్నాయని ఆయన రిజిస్టరులో రాసుకున్నారని చెబుతున్నారు.

ఇప్పుడు నలుగురూ బెయిలు మీద బయట ఉన్నారు. ఫిర్యాదు చేయకుండా ఉంటే ధర్నా కేసు తీసేస్తామని స్టేషన్ నుంచి మధ్యవర్తుల ద్వారా కబురు వస్తోంది. మా వాళ్లలో ఇద్దరు ఆ మాట నమ్ముతున్నారు. నాకు మాత్రం కొట్టినవారు సమాధానం చెప్పి తీరాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంత ఆలస్యమయ్యాక మా మాట ఎవరైనా నమ్ముతారా?

సమాధానం 1 (క్రిమినల్ కోర్టు న్యాయవాది)

కార్యదర్శి గారూ, ముందు ఆ కబురు సంగతి చూద్దాం. కోర్టు ముందున్న కేసును ఉపసంహరించుకునే అధికారం స్టేషన్ అధికారికి లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 360వ సెక్షన్ ప్రకారం ఆ పని పబ్లిక్ ప్రాసిక్యూటరు చేయాలి, దానికి కోర్టు అనుమతి ఉండాలి. చార్జిషీటుకు ముందే కేసు మూసేస్తూ నివేదిక పంపినా, దాన్ని ఆమోదించాలా వద్దా అన్నది మేజిస్ట్రేటు నిర్ణయం. కాబట్టి మీ నోరు కట్టేయడానికి వారు ఇస్తున్న హామీ వారి చేతిలో లేనిది. మీ నాయకులకు ఈ విషయం విడమరచి చెప్పండి.

ఇక నేరం విషయం. ఒప్పుకోలు కోసం గానీ సమాచారం రాబట్టడానికి గానీ గాయపరచడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 120వ సెక్షన్ కింద నేరం. దీనికి ఏడేళ్ల వరకు, తీవ్ర గాయమైతే పదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. “డబ్బులిచ్చిందెవరు?” అని అడుగుతూ కొట్టారన్న వివరం అందుకే చాలా కీలకమైనది. అది ఫిర్యాదులో లేకపోతే మామూలు దెబ్బల కేసుగా మిగులుతుంది. మామూలు గాయానికి శిక్ష ఏడాదికి మించదు కనుక కోర్టు ఏడాది లోపే దాన్ని విచారణకు స్వీకరించాలి. 120వ సెక్షన్‌కు అటువంటి కాలపరిమితి లేదు.

ఫిర్యాదును అదే స్టేషన్‌లో ఇచ్చి ఊరుకోవద్దు. ఒక ప్రతిని జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఎఫ్‌ఐఆర్ నమోదు కాకపోతే నాగరిక్ సురక్షా సంహిత 175వ సెక్షన్ కింద ప్రమాణపత్రంతో మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. అయితే 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న ఈ కొత్త చట్టంలో ఒక మెలిక ఉంది. విధి నిర్వహణలో జరిగినదంటూ ప్రభుత్వోద్యోగి మీద ఫిర్యాదు వస్తే, దర్యాప్తుకు ఆదేశించే ముందు మేజిస్ట్రేటు ఆ ఉద్యోగి పై అధికారి నుంచి నివేదిక తెప్పించుకోవాలి, ఆ ఉద్యోగి చెప్పేదీ పరిశీలించాలి. కొట్టిన వారి పై అధికారే మొదటి సాక్షి కావడం నా దృష్టిలో బాధితులకు అన్యాయం, కానీ చట్టం అలా ఉంది. అందుకే పై అధికారి నివేదికకు ఎదురు నిలిచే కాగితాలు ముందే మీ చేతిలో ఉండాలి. అలాంటి కాగితాల్లో మొదటిది ఆ జైలు రిజిస్టరు. దాని ప్రతి కోసం ఈ వారమే కోర్టులో దరఖాస్తు వేయించండి.

ముగ్గురు మేజిస్ట్రేటు ముందు మాట్లాడలేదని దిగులు పడవద్దు. అరెస్టయిన ప్రతి ఒక్కరినీ పోలీసులు హింసించారా అని మేజిస్ట్రేటే అడగాలని, వైద్య పరీక్ష కోరే హక్కు ఉందని చెప్పాలని 1983లోనే షీలా బార్సే కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రోజు మీ వాళ్లను ఆ ప్రశ్న అడిగారో లేదో రిమాండు ఉత్తర్వు చూస్తే తెలుస్తుంది. అడగకపోతే వారి మౌనాన్ని వారికి వ్యతిరేకంగా వాడడం కష్టం. నలుగురూ విడివిడిగా, ఒకరి మాట ఒకరు వినకుండా, తమకు గుర్తున్నంత వరకే వాంగ్మూలం రాయాలి. నాలుగూ ఒకే అచ్చులో పోసినట్టుంటే అవతలి వకీలు అక్కడే పట్టుకుంటాడు.

సమాధానం 2 (విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు)

ఆసుపత్రిలో జరిగినది చదివి బాధ కలిగింది. అరెస్టయిన మనిషిని పోలీసులు తలుపు దగ్గర నిలబడి వింటుండగా “దెబ్బలున్నాయా?” అని అడగడం పరీక్ష కాదు. నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షన్ ప్రకారం వైద్యాధికారి గాయాలను, హింస ఆనవాళ్లను, అవి సుమారుగా ఏ సమయంలో అయినవో రాయాలి. ఆ నివేదిక ప్రతిని అరెస్టయిన వ్యక్తికి గానీ అతడు చెప్పిన వ్యక్తికి గానీ ఇవ్వాలి. మీ వాళ్లకు ప్రతి ఇచ్చారా? ఇవ్వకపోతే అది కూడా ఫిర్యాదులో రాయదగిన విషయమే.

అరికాళ్ల మీద కొట్టడానికి కారణం నా అనుభవంలో ఒకటే. చర్మం మందంగా ఉండటం వల్ల పైకి కనిపించే గుర్తు త్వరగా పోతుంది. లోపల మాత్రం మడమ కింది మెత్తటి కణజాలం దెబ్బతిని, నడిచేటప్పుడు నెలల తరబడి నొప్పి ఉంటుంది. ఇప్పుడు పైకి ఏమీ కనిపించకపోయినా ఎముకల స్కాన్‌లో, ఎమ్మారైలో ఆనవాళ్లు దొరికే అవకాశం ఉంది. హింసను వైద్యపరంగా నమోదు చేసే పద్ధతిని వివరిస్తూ ఐక్యరాజ్యసమితి 1999లో ఆమోదించి 2022లో సవరించిన ఇస్తాంబుల్ ప్రోటోకాల్ ఈ రకం దెబ్బల గురించి ప్రత్యేకంగా చెబుతుంది. ఎవరికైనా తొడల మీదో వీపు మీదో దెబ్బలు తగిలి, ఆ రోజుల్లో ఇంట్లో వాళ్లు ఫోనులో ఫోటో తీసి ఉంటే, వాటిలో రెండు సమాంతర ఎర్ర గీతలు, మధ్యలో పాలిపోయిన చార ఉన్నాయేమో చూడండి. గుండ్రని కర్రతో బలంగా కొడితేనే ఆ గుర్తు పడుతుంది. కిందపడితే పడదు. ఫోటో ఉన్న ఫోనును అమ్మకండి, ఫోటోను వాట్సాప్‌లో మాత్రమే ఉంచి అసలు ఫైలు పోగొట్టుకోకండి.

ఒక పెద్దాసుపత్రిలో ఫోరెన్సిక్ విభాగానికి వెళ్లి పరీక్ష చేయించుకోండి. మీరు వైద్యుడి దగ్గర కోరవలసింది “పోలీసులే కొట్టారు” అన్న తీర్పు కాదు, అది ఆయన ఇవ్వలేరు. “రోగి చెప్పిన వృత్తాంతానికి ఈ లక్షణాలు సరిపోతున్నాయి” అన్న ఒక్క వాక్యం చాలు.

గాయాలు లేవని రాసిన డాక్టరు మీద రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. తోటి వైద్యుడి మీద ఫిర్యాదు చేయమంటున్నందుకు కొందరు నన్ను తప్పుపడతారేమో. దక్షిణాఫ్రికాలో విద్యార్థి ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో 1977లో నిర్బంధంలో తలకు తగిలిన గాయాలతో మరణించినప్పుడు, ఆయనను చూసిన వైద్యులు పోలీసుల మాటకు తలొగ్గారు. అక్కడి వైద్య మండలి మొదట వారిని వదిలేసింది. మరికొందరు వైద్యులు పట్టు వదలకుండా కోర్టుకెక్కాక, 1985లో బికోను చూసిన వైద్యుల్లో ఇద్దరిని మండలి దోషులుగా తేల్చక తప్పలేదు. ఆ పట్టు పట్టింది మా వృత్తి వాళ్లేనని నేను మరచిపోలేను.

సమాధానం 3 (పాత కార్మిక నాయకుడు)

నేను వేరేగా ఆలోచిస్తున్నాను. న్యాయవాది గారు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. కానీ ఆ నలుగురికీ కుటుంబాలున్నాయి, ధర్నా కేసు వారి నెత్తిన వేలాడుతోంది. ముందు ఆ కేసు పోనివ్వండి, తరువాత పోలీసుల సంగతి చూడవచ్చు. ఫిర్యాదు వేయగానే కొత్త కేసులు పెట్టడం నేను కళ్లారా చూశాను.

సమాధానం 4 (హక్కుల సంఘం కార్యకర్త)

పెద్దాయన భయం అకారణం కాదు, దాన్ని గౌరవిస్తాను. కానీ “తరువాత” అనుకున్నవారికి రెండు దారులు మూసుకుపోతాయి. మొదటిది మానవ హక్కుల కమిషన్. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఘటన జరిగిన ఏడాది తరువాత కమిషన్ విచారణ చేపట్టదు. రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు కనుక రెండు చోట్లా వేయకుండా ఒకటి ఎంచుకోండి.

రెండవది సీసీటీవీ. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో ప్రవేశద్వారాలు, లాకప్‌లు, వరండాలు, ఇన్‌స్పెక్టరు గది సహా అన్నిచోట్లా మాటలు కూడా వినిపించే కెమెరాలు పెట్టాలని, రికార్డింగును వీలైతే 18 నెలలు, కనీసం ఏడాది భద్రపరచాలని ఆదేశించింది. మేడ మీది గదిలో కెమెరా లేకపోవచ్చు. కానీ మెట్లు ఎక్కేటప్పుడు మామూలుగా నడిచిన మనిషి దిగేటప్పుడు గోడ పట్టుకుని కుంటుతూ వస్తే, ఆ వరండా కెమెరా ఒక్కటే చాలు. మేజిస్ట్రేటు దగ్గర, కమిషన్ దగ్గర, ఎస్పీ దగ్గర, మూడు చోట్లా తేదీ, గంటలు స్పష్టంగా రాసి ఫుటేజీ భద్రపరచమని అడగండి. తరువాత “చెరిగిపోయింది” అంటే, అడిగాక చెరిగిపోయిందని కోర్టుకు చూపించగలుగుతారు.

వైద్య పరీక్ష విషయంలో మన దగ్గరి ఉదాహరణే ఉంది. 2021 మేలో అప్పటి నరసాపురం ఎంపీ తనను కస్టడీలో కొట్టారని ఆరోపించినప్పుడు, సుప్రీంకోర్టు ఆయనను సికింద్రాబాద్ సైనిక ఆసుపత్రిలో, న్యాయాధికారి సమక్షంలో, వీడియో తీస్తూ పరీక్షించమంది. ఆయన రాజకీయాలతో మనకు పనిలేదు. ఎంపీకి దక్కిన ఆ నిష్పాక్షిక పరీక్షను చెత్త ఎత్తే కార్మికుల నాయకుడు కూడా హైకోర్టులో అడగవచ్చు, అడగాలి. 1996లో వచ్చిన డి.కె. బసు తీర్పుకు మూలం కూడా పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థ కార్యనిర్వాహక అధ్యక్షుడు ప్రధాన న్యాయమూర్తికి రాసిన ఉత్తరమే. అరెస్టు మెమో (అరెస్టు తేదీ, సమయం రాసే కాగితం), దాని మీద సాక్షి సంతకం, బంధువుకు కబురు అన్నవి ఆ తీర్పుతోనే తప్పనిసరి అయ్యాయి. మీ కేసులో ఆ మెమో మీద ఎవరి సంతకం ఉందో, ఏ సమయం వేశారో ఒకసారి చూడండి. ధర్నా దగ్గర వ్యాన్ ఎక్కించిన సమయానికీ దానికీ తేడా ఉంటే ఆ మధ్య గంటల్లో మీ వాళ్లు ఎక్కడున్నారో పోలీసులే చెప్పుకోవాలి.

కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. మెమో తీసి చూశాను. ధర్నా దగ్గర మధ్యాహ్నం పట్టుకెళ్లారు, మెమోలో రాత్రి సమయం వేశారు. సాక్షిగా మా ఊరి మనిషి ఎవరూ లేరు. ఇంకొక సందేహం. పోలీసుల మీద కేసు నడవాలంటే ప్రభుత్వం అనుమతి ఇవ్వాలట కదా, అది ఎన్నటికీ రాదని అంటున్నారు. గదిలో బయటి సాక్షి లేకుండా కోర్టు ఎలా నమ్ముతుంది?

సమాధానం 5 (క్రిమినల్ కోర్టు న్యాయవాది)

అనుమతి గురించి దాచకుండా చెబుతాను. కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో 2020లో సుప్రీంకోర్టు, విధి నిర్వహణతో సంబంధం ఉంటే హద్దు మీరినా అనుమతి కావాల్సిందేనంది. అవతలివారు దాన్నే చూపిస్తారు. సమాచారం కోసం మేడ మీద కట్టేసి కొట్టడం ఏ విధిలోనూ భాగం కాదని మనం వాదించాలి. ఒకవేళ కోర్టు అనుమతి కావాలన్నా, నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అనుమతి కోరిన దరఖాస్తు అందిన తేదీకి రుజువు ఉంచుకోండి, ఆ లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

సాక్షుల విషయంలో, స్టేషన్‌లో జరిగిన హింసకు తోటి పోలీసులు సాక్ష్యం చెప్పరని, కళ్లతో చూసిన సాక్షి కావాలని కోర్టులు మొండిగా పట్టుబట్టరాదని 1995లో శ్యామ్‌సుందర్ త్రివేది కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది. స్టేషన్‌కు వెళ్లేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని ధర్నాలో ఉన్న వందమంది చెప్పగలరు. జైలుకు వచ్చేటప్పటికి పాదాలు వాచాయని జైలు రిజిస్టరు చెబుతుంది. మధ్యలో ఏమైందో పోలీసులకు మాత్రమే తెలుసు కాబట్టి వారే వివరించాలని భారతీయ సాక్ష్య అధినియమం (పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో వచ్చిన చట్టం) 109వ సెక్షన్ ఆధారంగా అడుగుతాం. పరిహారం కోసం హైకోర్టులో రిట్ వేరుగా వేయవచ్చు. అసెంబ్లీకి వెళ్లకుండా అడ్డుకోవడానికి పోలీసులు అక్రమంగా నిర్బంధించిన జమ్మూకాశ్మీర్ ఎమ్మెల్యే భీమ్ సింగ్‌కు 1985లోనే సుప్రీంకోర్టు 50 వేల రూపాయలు ఇప్పించింది.

పాత నాయకుడి గారి మాట కూడా పక్కన పెట్టకండి. ఫిర్యాదు వేసే రోజే, కక్షతో కొత్త కేసులు పెట్టే ప్రమాదం ఉందని ఎస్పీకి రాతపూర్వకంగా తెలియజేయండి. సంఘం తరఫున కాకుండా నలుగురూ ఎవరికి వారే సంతకం చేసి ఫిర్యాదు ఇవ్వాలి. ఇద్దరు వెనక్కి తగ్గినా మిగిలిన ఇద్దరి ఫిర్యాదు అలాగే నిలబడుతుంది. మెమోలో సమయం తేడా ఉన్న పేజీకి రెండు ధ్రువీకృత ప్రతులు తీయించి, జైలు రిజిస్టరు దరఖాస్తుతో పాటు సోమవారం కోర్టు మొదలయ్యేసరికి మీ వకీలుకు ఇవ్వండి.