‘అభ్రగపతిం...’ తర్వాత బనా, మనా?

కొండారెడ్డి బురుజు, కర్నూలు: బడి గోడపత్రికకు రోదసి సరుకు నౌకల మీద ఒక పేజీ రాస్తున్నాను. మనిషి ఎక్కకుండానే పైకి వెళ్ళి స్టేషన్‌కు తిండి, నీళ్ళు, ఇంధనం చేర్చే రష్యా వాళ్ళ ప్రోగ్రెస్ లాంటివి. పోతన ‘సిరికిం జెప్పడు’ పద్యంలో గరుత్మంతుడి ముక్క శీర్షికగా పెడదామంటే సగమే గుర్తొస్తోంది. ‘అభ్రగపతిం బన్నింపడు’ అనా, ‘మన్నింపడు’ అనా?

పెన్నేటి గట్టు, కడప: మన్నింపడే. మా అయ్యవారు అట్లే చెప్పేవారు. మన్నించడమంటే గౌరవించడం కదా, గరుడుణ్ణి పలకరించే తీరిక కూడా లేకుండా పరుగెత్తినాడని భావం.

అనంత ఎండ: భావం బాగానే ఉంది సార్, మరి యతి? ఇది మత్తేభం, పాదం మొదటి అక్షరంతో 14వ అక్షరం కుదరాలి. పాదం ‘పరివారంబును’ అని పతో ఎత్తుకున్నాడు. పకు బ చెల్లుతుంది, మ చెల్లదు. పు, ము అయితే వేరే సంగతి. అసలు మాట ‘పన్నింపడు’. ముందు ద్రుతం (నకారం) ఉండటంతో ప కాస్తా సరళమై బ అయింది. పన్నించడమంటే ప్రయాణానికి సిద్ధం చేయించడం.

పెన్నేటి గట్టు: యతి మాకూ తెలుసు లేండి. హరికథలో వింటే మన్నింపడే ఇంపుగా ఉంటుంది.

తుంగభద్ర: బ అయినా సరే, శీర్షికకు పనికిరాదు. పద్యంలో వాహనం ఇంట్లో, స్వామి దారిలో. ఇక్కడ స్వామి ఇంట్లో, వాహనం దారిలో. పైగా ఈ నౌకలకు పన్నించడమే అసలు పని. ప్రోగ్రెస్‌లో దాదాపు 2.5 టన్నులు పడుతుంది. ఇంధనం వేరే ట్యాంకుల్లో, మూటలు వేరే గదిలో. తాజా పండ్లు, ఉల్లి, వెల్లుల్లి లాంటివి చివర్లో ఎక్కిస్తారు. పైన తలుపు తీయగానే పండ్ల వాసన గుప్పుమంటుందని వ్యోమగాములు చెప్తారు.

గండికోట: మనిషి లేడంటే సారథే లేడని కాదు. మామూలుగా కుర్స్ అనే రేడియో వ్యవస్థ దాన్ని తెచ్చి స్టేషన్‌కు తగిలిస్తుంది. 1997 జూన్ 25న ప్రోగ్రెస్ ఎం-34ను మీర్ స్టేషన్లో కూర్చున్న కమాండరే టీవీ తెర చూస్తూ చేత్తో నడిపారు. వేగం తగ్గక అది స్పెక్టర్ గదికి గుద్దుకుంది. చిల్లు పడి గాలి కారిపోతుంటే, తలుపుకు అడ్డంగా ఉన్న కేబుళ్ళు తీసేసి ఆ గదిని మూసేశారు. ఎంత టెన్షన్ పడి ఉంటారో! దీన్ని ఏ పద్యంలో ఇరికిస్తారు మీరు?

అనంత ఎండ: పక్షి పేరే కావాలంటే జపాన్ వాళ్ళు ఎప్పుడో పెట్టుకున్నారు. కౌనోటొరి అంటే కొంగ. 2009 నుంచి 2020 దాకా 9 సార్లు వెళ్ళింది. స్టేషన్ చెత్త నింపుకుని తిరుగు దారిలో గాలిలోనే కాలిపోయేది. ప్రోగ్రెస్‌కూ అదే గతి, దక్షిణ పసిఫిక్ మీద. ఇప్పుడు తిరుగుతున్న సరుకు నౌకల్లో సరుకును భూమికి క్షేమంగా తెచ్చేది అమెరికా వాళ్ళ డ్రాగన్. గరుడుడన్న పేరు పెడితే గిడితే దానికి పెట్టాలి. కాలిపోయేవాడు గరుడుడేంది?

తుంగభద్ర: ఆ లెక్కన పోతన దగ్గర వెతకడం ఎందుకు? నన్నయ ఆదిపర్వం తీయండి. గరుడుడు వీపున ఎవరినీ ఎక్కించుకోకుండా పైకి వెళ్ళి అమృతభాండం తెచ్చాడు, తల్లి దాస్యం తీర్చడానికి. సరుకు నౌక అంటే అది. పోతన మీద మోజుతో మనవాళ్ళు నన్నయను మరిచిపోతారు.

పెన్నేటి గట్టు: పోతన మావాడు, మోజు ఉండదా? ఒంటిమిట్టలో రాముడు, సీత, లక్ష్మణుడు ఒకే శిలలో ఉన్నారు. పోతన ఊరుగా చెప్పే ఏకశిలానగరం అంటే అదే.

తుంగభద్ర: మళ్ళీ మొదలైంది! ఏకశిలానగరమంటే ఓరుగల్లు. బమ్మెర ఎక్కడుందో పటంలో చూసుకోండి.

కొండారెడ్డి బురుజు: అయ్యా, ఒంటిమిట్టో ఓరుగల్లో తర్వాత తేల్చుకుందురు గానీ, నా శీర్షిక?

అనంత ఎండ: బ. యతి చెప్పిందే.

పెన్నేటి గట్టు: మ పెట్టినా పిల్లలెవరూ అడగరు.

గండికోట: బ పెట్టినా, మ పెట్టినా ‘డు’ ముందు అరసున్న పెట్టండి. అరసున్న లేని పోతనను నేను చదవను.