8 నెలల బాబుకి నీలగిరి తైలం బదులు ఏం చేయొచ్చు?

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. చలి మొదలైన దగ్గర్నుంచి బాబుకి జలుబు తగ్గట్లేదు, రాత్రి ముక్కు మూసుకుపోయి పాలు కూడా తాగలేకపోతున్నాడు. మా అత్తగారు కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి, నాలుగు చుక్కల నీలగిరి తైలం వేసి ఛాతీకి రాస్తానంటున్నారు. మా ఆయన్నీ, ఆడపడుచునీ అలాగే పెంచారట. డాక్టరు గారు మాత్రం రెండేళ్లలోపు పిల్లలకి ఆ రెండూ వద్దని గట్టిగా చెప్పారు. కర్పూరం ఒంట్లోకి వెళ్తే ఫిట్స్ వస్తాయట, నీలగిరి ఘాటుకి పసివాళ్లకి ఊపిరి ఆడకపోవచ్చట. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. బాలింతగా ఉన్నప్పుడు నన్ను కంటికి రెప్పలా చూసుకున్న మనిషి ఆవిడ. మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి? మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ మాటకి ఒప్పుకున్నారో చెప్పండి.

ఇంకొకటి. డాక్టరు ఇచ్చిన ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేస్తున్నాం. వాటితోపాటు వాము వేయించి గుడ్డలో మూటకట్టి, వేడి తగ్గాక ఉయ్యాలకి దూరంగా కట్టొచ్చా? ఆ వాసనైనా పర్వాలేదా?

ఇంట్లో నిమ్మగడ్డి నూనె సీసా కూడా ఉంది. దోమలకని నీళ్లలో వేసి గచ్చు తుడుస్తున్నాను, కానీ నూనె నీళ్లలో కలవదు కదా, పైనే తేలుతోంది. బాబు ఇప్పుడు పాకుతున్నాడు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటాడు. ఆపేయమంటారా?

చిన్నపిల్లలున్న తల్లులు, నర్సులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.