రాసినవారేనా, ఆడినవారు కూడానా? తొలినాటి స్త్రీల నాటకరంగంలో స్త్రీవాదం గురించి ఒక ప్రశ్న

నాగావళి ఒడ్డు (ఆదివారం, రాత్రి 9:10)

సభ్యులకు నమస్కారం. నేను శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు ఆంగ్ల సాహిత్యం బోధిస్తున్నాను. తొలినాటి స్త్రీల నాటకరంగంలో స్త్రీవాదం అనే అంశం మీద పరిశోధన చేస్తున్నాను. ఇంగ్లండులో 1660 వరకు వృత్తి నాటకాలలో ఆడవేషాలను మీసాలు రాని కుర్రవాళ్లే కట్టేవారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించవచ్చునని రెండవ చార్లెస్ రాజు 1662లో అనుమతి పత్రంలో రాసి ఇచ్చాడు. ఆ తరువాత ఎనిమిదేళ్లకే, 1670లో, ఆఫ్రా బెన్ అనే స్త్రీ రాసిన తొలి నాటకం రంగస్థలం ఎక్కింది.

ఆమె 1677లో రాసిన ‘ది రోవర్’లో ఏంజెలికా బియాంకా అనే వేశ్య తన చిత్రపటాన్ని ఇంటి ముందు వేలాడదీసి నెలకు వెయ్యి క్రౌన్లని వెల ప్రకటిస్తుంది. డబ్బు కోసం ప్రేమను అమ్ముకుంటున్నావని తనను నిందించిన కథానాయకుడు విల్‌మోర్‌ను, మీకు పెళ్లి సంబంధం వచ్చినప్పుడు పిల్ల గుణం అడుగుతారా, ఆస్తి ఎంతని అడుగుతారా అని నిలదీస్తుంది. ఈ ఘట్టం పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ‘కన్యాశుల్కం’ నాటకంలోని వేశ్య, మన మధురవాణి గుర్తుకు వస్తుంది. స్త్రీవాద చరిత్రను కలం పట్టిన స్త్రీలతో మొదలుపెట్టాలా, ముఖానికి రంగు వేసుకుని జనం ముందు నిలబడిన స్త్రీలతో మొదలుపెట్టాలా అన్నదే నా ప్రశ్న. రెండవదే సరైనదని నా వాదన. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

బొంకులదిబ్బ (ఆదివారం, రాత్రి 10:02)

అమ్మా, మీ శ్రమను గౌరవిస్తూనే మూడు అభ్యంతరాలు చెబుతున్నాను. ఇంగ్లీషులోనే స్త్రీవాదమనే మాట ఈ అర్థంలో 1890లలో గాని వాడుకలోకి రాలేదు. తెలుగులో అది స్థిరపడింది 1980ల తరువాత. పదిహేడవ శతాబ్దపు నాటకానికి ఆ ముద్ర వేయడం చరిత్ర అనిపించుకోదు. ఇక మీరు చెప్పిన ‘ది రోవర్’ ఆఫ్రా బెన్ సొంత కథ కాదు. థామస్ కిల్లిగ్రూ రాసిన ‘థామసో’ నుంచి తీసుకున్నది. పురుషుడు రాసిన దానిని తిరగరాసిన నాటకాన్ని స్త్రీల గొంతు అని ఎలా అంటారు? మూడవది, మధురవాణిని సృష్టించినవాడు గురజాడ. ఆ నాటకం 1892లో మా విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారి చేత మొదట ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. మధురవాణి పాత్ర ఇప్పుడు మనం చూస్తున్నంతగా పెరిగింది 1909 నాటి కూర్పులోనే. అందులో స్త్రీ చేయి ఎక్కడ ఉన్నదో చూపించండి.

గంటస్తంభం (ఆదివారం, రాత్రి 10:15)

మాస్టారు దిగారు. ఇక తెల్లవారినట్టే.

నాగావళి ఒడ్డు (సోమవారం, ఉదయం 6:40)

మాస్టారూ, కన్యాశుల్కాన్ని ప్రశ్నించే మాట పుట్టకముందు కూడా ఆడపిల్లలు అమ్ముడుపోయారు. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో సేకరింపజేసిన జాబితాలో మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలు తేలాయని, అందులో 99 మంది పిల్లల వయసు అయిదేళ్లేనని గురజాడ తన పీఠికలో రాశారు. దుఃఖం పేరు కోసం ఆగనట్లే ఎదిరింపు కూడా ఆగదు.

‘థామసో’ సంగతికి వస్తే, తాను దొంగిలించిన వస్తువు ఏదైనా ఉంటే అది ఏంజెలికా పటం మాత్రమేనని ఆఫ్రా బెన్ నాటకం చివర స్వయంగా రాసుకున్నారు. పటం పక్కింటిది కావచ్చును, దాని కింద నిలబడి మాట్లాడిన తీరు మాత్రం ఆమెది. ఏంజెలికా బియాంకా, ఆఫ్రా బెన్ పేర్ల మొదటి అక్షరాలు ఇంగ్లీషులో ఒకటే కావడాన్ని చాలామంది గమనించారు.

స్త్రీ చేయి ఎక్కడున్నదని అడిగారు కనుక ఒక్క మాట. ‘కన్యాశుల్కం’లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి, సుబ్బి అని పేరు పెట్టి, లుబ్ధావధాన్లకు డబ్బు పుచ్చుకుని పెళ్లి చేస్తాడు. చివరి అంకంలో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. ఆ పాత్రను పురుషుడు ధరించిన రోజులలో, మగవాడు ఆడదానిగా నటిస్తూ, ఆ ఆడది మగవాడిగా నటించే దృశ్యాన్ని ప్రేక్షకులు చూశారు. ఆడతనం ఒక వేషమని ఆ నాటకమే ఒప్పుకుంటున్నది. ఆ వేషాన్ని నిజంగా స్త్రీ వచ్చి ధరించినప్పుడు అర్థం మారుతుందా, మారదా? నేను అడుగుతున్నది ఇదే.

అరసవల్లి దారి (సోమవారం, ఉదయం 8:20)

మేడమ్, సురభి వారిని మరచిపోతున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాలలో ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. పిల్లలను తెర వెనుక ఉయ్యాలలో పడుకోబెట్టి ముందుకు వచ్చి పద్యం పాడినవారికి ఏ వాదమూ అక్కరలేదని నాకు అనిపిస్తుంది.

బొంకులదిబ్బ (సోమవారం, మధ్యాహ్నం 1:30)

‘థామసో’ విషయంలో ఆమె మాటనే ఆమెకు సాక్ష్యంగా తెస్తున్నారు. ఇది న్యాయస్థానంలో చెల్లదు. రెండు నాటకాలనూ పక్కపక్కన పెట్టి చదివినవారికి తెలుస్తుంది. ఇంకొక సంగతి కూడా చెప్పక తప్పదు. కొన్నేళ్ల క్రితం ఒక సదస్సులో కన్యాశుల్కం మీద వ్యాసం చదవడానికి నాకు పదిహేను నిమిషాలు ఇస్తామని పిలిచి, స్త్రీవాద విమర్శ మీద మాట్లాడేవారు ఎక్కువగా వచ్చారని చెప్పి నాలుగు నిమిషాలలో దింపివేశారు. ముప్పై ఏళ్లు ఆ నాటకాన్ని పిల్లలకు చెప్పినవాడిని. అప్పటి నుంచి ఈ మాట వినబడితే ఆధారాలు అడగడం నాకు అలవాటయింది. స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలను స్త్రీలకంటె గొప్పగా వేశారని ఆనాటి స్త్రీలే అన్నారు. దానికి మీ సమాధానం ఏమిటి?

బొబ్బిలి వీణ (సోమవారం, మధ్యాహ్నం 1:52)

నాలుగు నిమిషాలకు మూడేళ్లుగా వడ్డీ కడుతున్నాము, మాస్టారూ.

నాగావళి ఒడ్డు (సోమవారం, సాయంత్రం 5:15)

స్థానంవారి ప్రతిభను నేను కాదనడం లేదు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆడవేషం కట్టిన మగవాడికి కళాకారుడన్న గౌరవం దక్కింది, అదే వేషం కట్టిన ఆడదానికి ఊళ్లో మరొక పేరు దక్కింది. ఈ తేడాయే నా పరిశోధన. మన జిల్లాలలో పద్యనాటకాలకు ఊరూరా తిరిగిన పాత తరం నటీమణుల వివరాలు సేకరించి, వారిని తొలి స్త్రీవాదులుగా పేర్లతో సహా నమోదు చేయాలని నా సంకల్పం. ఎవరికైనా తెలిస్తే తెలియజేయగలరు.

పాత హార్మోనియం (సోమవారం, రాత్రి 11:48)

రెండు రోజులుగా చదువుతూ ఊరుకున్నాను. పేర్లతో సహా అన్న మాట చూసిన తరువాత ఊరుకోలేకపోతున్నాను. మా అమ్మ నాటకాలు ఆడింది. టెక్కలి, పలాస, పార్వతీపురం వైపు సంక్రాంతి మొదలు ఉగాది దాకా ఆమెకు తీరిక ఉండేది కాదు. ఎక్కువగా చంద్రమతి, అప్పుడప్పుడు చింతామణి. నేను పక్కన హార్మోనియం నేర్చుకుంటూ పెరిగాను. రాత్రి చంద్రమతిని చూసి కళ్లు తుడుచుకున్నవారే మరునాడు బడిలో తమ పిల్లలను నా పక్కన కూర్చోనిచ్చేవారు కాదు. మా అక్క సంబంధం రెండుసార్లు తప్పిపోయింది. ఆ పేరును దాటుకుని రావడానికి మేము ఊరు మారాము. ఇప్పుడు మీరు వచ్చి ఆమె పేరును అచ్చు వేస్తామంటున్నారు. మా మనవరాలి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. మీ పుస్తకం మీద మీకు డాక్టరేటు వస్తుంది, మాకు ఏమి వస్తుందో ఆలోచించారా?

నాగావళి ఒడ్డు (మంగళవారం, ఉదయం 6:05)

అయ్యా, మీ బాధ అర్థమవుతున్నది. అయితే సిగ్గుపడవలసినవారు మీరు కాదు, ఆ ఊరివారు. దాచుకుంటే వారి మాటే గెలిచినట్లు అవుతుంది కదా?

పాత హార్మోనియం (మంగళవారం, ఉదయం 6:31)

నేను సిగ్గుపడుతున్నానని మీకు ఎవరు చెప్పారు? మా అమ్మ ఫొటో మా ఇంట్లో దేవుడి పటం పక్కనే ఉన్నది. ఊరు ఆమెను అడగకుండా ఒక పేరు పెట్టింది. మీరు ఆమెను అడగకుండా ఇంకొక పేరు పెడుతున్నారు. మీది మంచి పేరే కావచ్చును. కానీ పెట్టేది ఎప్పుడూ బయటివారే. రంగు వేసుకోకముందే మాట్లాడుకున్న డబ్బు చేతిలో పడాలనేది అమ్మ నియమం. ఒకసారి సగం డబ్బే తెచ్చిన ఊరిపెద్దను, అయితే చంద్రమతి కూడా సగమే వస్తుంది, కాటి సీనుకు మీరు వేరే మనిషిని చూసుకోండి అన్నది. జనం అరుస్తుంటే మిగిలినది గంటలో వచ్చింది. దీనిని మీరు ఏమని అంటారో నాకు తెలియదు. ఆమె మాత్రం బియ్యం ఖర్చు అన్నది.

గంటస్తంభం (మంగళవారం, ఉదయం 7:10)

మేడమ్, దీనికి తొందరపడి సమాధానం రాయకండి.

నాగావళి ఒడ్డు (మంగళవారం, రాత్రి 8:55)

పొద్దుటి నా మాట తొందరపాటు. మన్నించండి. నేను రాస్తున్నది గౌరవమే కదా అనుకున్నాను, ఎవరి అనుమతితో అన్నది ఆలోచించలేదు. పేర్లు, ఊళ్ల పేర్లు ఉండవు. స్త్రీవాది అన్న మాటను ఏ ఒక్క మనిషికీ తగిలించను. అయితే ఆ సగం చంద్రమతి సంగతిని వదులుకోవడం నా వల్ల కాదు. ఏంజెలికా వెయ్యి క్రౌన్లు ఒక నాటకకర్త ఊహలోనివి, మీ అమ్మగారు తన చేతిలో లెక్కపెట్టుకున్నవి నిజమైన నోట్లు. ఆ సంగతి రాయడానికైనా మీరు ఒప్పుకుంటారా?

పాత హార్మోనియం (బుధవారం, ఉదయం 5:50)

ఆ సంగతి రాసుకోండి. ఇంకొకటి కూడా చెబుతున్నాను. అమ్మకు చదువు రాదు, పద్యాలన్నీ విని పట్టుకున్నది. లెక్కల పుస్తకం ఒకటి ఉన్నది. ఏ ఊరు, ఏ నాటకం, ఎంత ఇచ్చారు, ఎంత ఎగవేశారు అని నా చేత రాయించేది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా ఇంటికి వస్తే చూపిస్తాను. ఫొటోలు తీయకూడదు, పుస్తకం గడప దాటకూడదు. అక్క కూడా ఉంటుంది. ఆమె వద్దంటే అక్కడితో సరి.

బొంకులదిబ్బ (బుధవారం, ఉదయం 9:25)

చాలా విలువైన ఆధారం. ఇటువంటిదే నేను మొదటి నుంచి అడుగుతున్నాను. కాకపోతే ఒక చిన్న సందేహం. ఆ పుస్తకం రాసినది కుమారుడు కనుక దానిని స్త్రీ రచనగా పరిగణించడం కుదురుతుందా?

పాత హార్మోనియం (బుధవారం, ఉదయం 9:40)

మాస్టారూ, రాసినవాడిని నేనే. అంకె తప్పు వేసినప్పుడు చెవి మెలిపెట్టినది మాత్రం ఆమె.