దేశంలో హార్ట్ ఫెయిల్యూర్ (గుండె ఒంటికి సరిపడా రక్తం పంపలేని జబ్బు) రోగులు ఎంతమంది? లెక్కకు ఆసుపత్రి రికార్డులు సరిపోతాయా, ఇంటింటి సర్వే కావాలా?

బురుజు నీడ (కర్నూలు):
2010లో నేషనల్ మెడికల్ జర్నల్ ఆఫ్ ఇండియాలో ఒక అంచనా వచ్చింది. గుండె రక్తనాళాల జబ్బు, బీపీ, షుగర్, ఊబకాయం, రుమాటిక్ గుండె జబ్బు వల్ల ఫెయిల్యూర్ అయినవాళ్ళు మన దేశంలో 13 లక్షల నుంచి 46 లక్షల దాకా ఉంటారట. రెండింటికీ తేడా 33 లక్షలు! ఇట్లాంటి దానిమీద బడ్జెట్ ఎట్లా వేస్తారు? జిల్లా ఆసుపత్రుల రికార్డులన్నీ కంప్యూటర్లో కలిపితే దీనికన్నా మంచి సంఖ్య వస్తుందని నా వాదన.

ఆదోని పత్తి:
రాదన్నా. మా పక్క పల్లెల్లో ఆయాసం వస్తే ముందు పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికే. ఆయన నీళ్ళ మాత్ర ఇస్తాడు, కాళ్ళ వాపు దిగుతుంది, మనిషి మళ్ళీ చేనికి పోతాడు. కర్నూలు పెద్దాసుపత్రి దాకా వచ్చి టూడీ ఎకో (గుండె స్కానింగ్) తీయించుకున్నవాళ్ళే మీ రికార్డుల్లో ఉంటారు. పైగా అనంతపురం వాళ్ళు బెంగళూరుకు, మనవాళ్ళు హైదరాబాదుకు పోతారు కదా. ఒకే మనిషి మూడుచోట్ల మూడు కేసులవుతాడు.

డ్యూటీ డాక్టర్ (కడప):
రికార్డులను అంత తేలిగ్గా తీసేయకండి. రిజిస్ట్రీ అంటే రోగులను నమోదు చేసుకొని తర్వాత ఏమయ్యారో చూసే పట్టిక. 53 ఆసుపత్రుల్లో నడిచిన నేషనల్ హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో 10,851 మందిని చేర్చుకుంటే, 90 రోజుల్లో 14 శాతం, ఏడాదిలో 22 శాతం చనిపోయారు. త్రివేండ్రం రిజిస్ట్రీలో 2013లో చేరిన 1,205 మందిలో ఐదేళ్ళకు 59 శాతం పోయారు. రోగులు ఎంతమందో ఇవి చెప్పవు, నిజమే. వాళ్ళు ఏమవుతున్నారో చెబుతాయి.

అది ఎందుకు ముఖ్యమంటే, ఆ 2010 అంచనాలోనే కొత్త కేసులు ఏటా 4.9 లక్షల నుంచి 18 లక్షలు. కొత్త కేసులను సగటున జబ్బుతో బతికే కాలంతో గుణిస్తే, ఇప్పుడున్న రోగుల సంఖ్య సుమారుగా వస్తుంది. 46ని 18తో భాగించి చూడండి, రెండున్నరేళ్ళు. అంటే మందులు అందక జనం ఏడాదికే పోతే రోగుల సంఖ్య తగ్గుతుంది! తూము తెరిచిన చెరువులో మట్టం చూసి వానలు పడలేదన్నట్టుంటుంది. ‘మా జిల్లాలో కేసులు తక్కువ’ అని ఏ అధికారైనా అంటే నాకు ముందు ఇదే అనుమానం వస్తుంది.

బురుజు నీడ:
సరే డాక్టర్ గారూ, మరి మరణాల లెక్క పట్టుకుంటే?

పాత రికార్డు గది:
అది ఇంకా అన్యాయం సార్. ఆసుపత్రిలో మరణానికి ఇచ్చే ఫారం 4లోనే ఉంది, ‘హార్ట్ ఫెయిల్యూర్’ లాంటి చనిపోయిన తీరు కాదు, దానికి దారితీసిన జబ్బు రాయాలని. అయినా అదే రాసి సంతకం పెడతారు, ఎవరూ అడగరు. ప్రపంచమంతటి జబ్బులకూ చావులకూ లెక్క కట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ వాళ్ళు దాన్ని అసలు కారణంగా ఒప్పుకోరు. ఆ చావులను గుండె జబ్బు, బీపీ జబ్బు, కవాటాల జబ్బు లాంటివాటికి పంచేస్తారు. ఇక మరణాల పట్టికలో ఫెయిల్యూర్‌కు సొంత వరస ఎక్కడ? అన్నిటికీ మించి, 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే.

ఆదోని పత్తి:
అందుకే ఇంటింటికీ పోవాలంటున్నా.

డ్యూటీ డాక్టర్ (కడప):
హర్యానాలో బల్లభ్‌గఢ్ పల్లెల్లో పోయారు. వెయ్యికి 1.2 తేలింది. ఆ లెక్కన 100 మంది రోగులు దొరకాలంటే 80 వేలకు పైగా జనాన్ని చూడాలి. ఆయాసం ఉన్న ప్రతివాళ్ళకూ ఫెయిల్యూరే అనుకోలేం, ఊపిరితిత్తుల జబ్బు, రక్తహీనత కూడా ఉంటాయి. ఎకో లేకుండా తేల్చలేం. ఇంకోటి మీకే బాగా తెలుసు, మిరప కోతలకు గుంటూరు పోయిన కాలంలో మీ పల్లెల్లో సర్వేకు పోతే సగం ఇళ్ళకు తాళాలే.

ఆదోని పత్తి:
తాళాలుంటే సుగ్గి (వలస కోతలు) అయ్యాక రండి డాక్టర్ గారూ. ఏఎన్‌ఎం ఎట్లాగూ బీపీ, షుగర్ చూస్తుంది. పడుకుంటే ఆయాసం వస్తుందా, పాదాలు వాస్తున్నాయా అని రెండు మాటలు అడగమనండి. అవునన్నవాళ్ళకు ఏరియా ఆసుపత్రిలో ఎకో తీయండి.

డ్యూటీ డాక్టర్ (కడప):
అడగడం సులభం. తీసేవాళ్ళేరీ? దానికి ముందు డిశ్చార్జి అయినవాళ్ళను 90 రోజులదాకా ఫోన్‌లో అడిగే మనిషిని పెట్టమంటాను. అదీ లెక్కే, పైగా మందులు మానేసినవాళ్ళు దొరుకుతారు.

బురుజు నీడ:
అంటే ఆసుపత్రి లెక్కకే వచ్చారు కదా సార్!

ఆదోని పత్తి:
వచ్చింది ఆయన. నేను రాలేదు. డిశ్చార్జి కావాలంటే ముందు అడ్మిట్ కావాలి కదన్నా.