హెచ్‌వోడీకి నాయకత్వ శిక్షణ ఇస్తే డిపార్ట్‌మెంట్ మారుతుందా?

కెమిస్ట్రీ టీచర్:
మా కాలేజీలో కొత్త హెచ్‌వోడీలను (విభాగాధిపతులను), డీన్‌లను 'ట్రాన్స్‌ఫర్మేషనల్ లీడర్‌షిప్' ట్రైనింగ్‌కి పంపుతామంటున్నారు. జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ 1978లో రాజకీయ నాయకత్వం గురించి చెప్పినదాన్ని బెర్నార్డ్ బాస్ 1985లో సంస్థలకు అన్వయించారు. ఆశ పెట్టో భయపెట్టో కాకుండా, పని మీద ఇష్టం కలిగించి పని చేయించడం దాని సారం. మన దగ్గర ఇది కుదురుతుందంటారా?

సీఎస్‌ఈ అసోసియేట్:
కుదరదండీ. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో హెచ్‌వోడీ చేతిలో ఏముంది? నియామకాలు, ఇంక్రిమెంట్లు మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది. సిలబస్ చాలాచోట్ల యూనివర్సిటీదే. కాలేజీకి, కోర్సులకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే న్యాక్, ఎన్‌బీఏల ఫైళ్లు మాత్రం ఆయన నెత్తిన పడతాయి. అడ్మిషన్ల కోసం లెక్చరర్లను ఊళ్లు తిప్పమంటే కాదనలేడు. ముందు అధికారం ఇవ్వండి, శిక్షణ తర్వాత.

మ్యాథ్స్ మేడమ్:
సర్, సగమే ఒప్పుకుంటాను. టైంటేబుల్ ఎవరు వేస్తున్నారు? యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన. ఆ గంటలు ఎప్పుడు, ఏ సెక్షన్‌లో పడాలో హెచ్‌వోడీ నిర్ణయిస్తారు. పీహెచ్‌డీ చేస్తున్నవారికి ఒక మధ్యాహ్నం ఖాళీగా ఉంచడానికి మేనేజ్‌మెంట్ సంతకం అక్కర్లేదు. బెర్నార్డ్ బాస్ ఈ నాయకత్వానికి చెప్పిన నాలుగు అంశాల్లో ఒకటి ఇదే, ఒక్కొక్కరి అవసరాన్నీ విడిగా పట్టించుకోవడం. నేను చేరిన కొత్తలో మా హెడ్ గారు సబ్జెక్ట్ ఎంచుకునే అవకాశం ముందు జూనియర్లకిచ్చేవారు. సీనియర్లు గొణిగేవారు. ఎవరూ వద్దనే ఫస్టియర్ సెక్షన్‌ను ఆయనే తీసుకోవడంతో ఆ గొణుగుడు ఆగిపోయింది.

సీఎస్‌ఈ అసోసియేట్:
అది ఆయన మంచితనం మేడమ్. తర్వాత వచ్చినాయన అలా చేశారా?

మ్యాథ్స్ మేడమ్:
చేయలేదు. అందుకే ఒక మనిషి స్వభావానికి వదిలేయకుండా నేర్పించాలంటున్నాను.

రిటైర్డ్ ప్రొఫెసర్:
మా యూనివర్సిటీలో హెడ్ పదవి మూడేళ్లకోసారి చేతులు మారేది. ఈరోజు నా కింద ఉన్నాయన రేపు నాకు హెడ్. దాంతో అహంకారం తగ్గుతుంది, నిజమే. కానీ పాఠం సరిగా చెప్పడం లేదని విద్యార్థులు మొత్తుకుంటున్నా, ఆ మాట సహోద్యోగితో అనడానికి ఎవరికీ నోరు రాదు. నా దృష్టిలో శిక్షణ ఇవ్వాల్సింది అక్కడే. 2019లో కేంద్రం 'లీప్' పేరుతో ప్రభుత్వ సంస్థల్లోని ఇలాంటి రెండో స్థాయి బాధ్యుల కోసమే మూడు వారాల కార్యక్రమం పెట్టింది, అందులో ఒక వారం విదేశంలో. నన్నడిగితే ఆ విదేశీ వారం కంటే, పదవిలోకి వచ్చాక ఏడాదిపాటు ఒక అనుభవజ్ఞుడు ఫోన్లో అందుబాటులో ఉండటమే ఎక్కువ ఉపయోగం. కష్టమైన మాట చెప్పాల్సిన రోజు క్లాసు నోట్స్ గుర్తురావు.

సీఎస్‌ఈ అసోసియేట్:
ఆ ఫోన్ సాయం మాట నాకు నచ్చింది సార్. అధికారం విషయంలో మాత్రం నా మాట మారదు.

కెమిస్ట్రీ టీచర్:
అయితే టైంటేబుల్ ఖరారయ్యేలోపు దాని ముసాయిదాను స్టాఫ్ మీటింగ్‌లో పెట్టమని మా హెడ్ గారిని అడుగుతాను. మీ కాలేజీల్లో ఎక్కడైనా ఇలా చేస్తున్నారా?