కొల్లేరు కాంటూరుపై ఊరి మాట: చేతులెత్తించి లెక్కిస్తే సరిపోతుందా?

గట్టుమీద రైతు:
కొల్లేరు అభయారణ్యం హద్దును +5 కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) నుంచి +3కు దించాలా వద్దా అన్న తగవు ఏళ్ల తరబడి నడుస్తోంది. 1999లో +5 వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. +3కు దిగితే మిగిలేది సుమారు 135. అభయారణ్యంలో చేపల చెరువులు కూడదని 2006లో ప్రభుత్వం వాటి గట్లు తెంచింది. 2008లో శాసనసభ +3 కావాలని తీర్మానించింది. ఆ తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించవద్దన్నది. ఇక ఊరూరా గ్రామసభ పెట్టి, +5 కావాలా +3 కావాలా అని అడిగి, ఎక్కువమంది ఎటుంటే అటు తేల్చాలని నా వాదన. 2013లో ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దంటే ఆ మాట చెల్లింది కదా. మన మాట ఎందుకు చెల్లదు?

లంక ఊరి ఆడపడుచు:
రైతు గారూ, నియమగిరి ఊళ్లన్నీ దేవుడిగా కొలిచేది ఒకే కొండను. ఇక్కడ ఒకే జవాబు చెప్పే ఇద్దరికి కావలసినవి కూడా వేరు.

మా ఊళ్లో ఇలాంటి సభ ఒకటి జరిగింది. +3 కావాలన్నవారు చేతులెత్తమంటే దాదాపు అందరూ ఎత్తారు. మా పక్కింటి పిన్ని కూడా ఎత్తింది. ఇంటికి వచ్చాక ఎందుకెత్తావని అడిగాను. "ఎత్తకపోతే సొసైటీ చెరువు లీజు డబ్బులో మా వాటా పోతుందన్నారు" అంది. వాళ్లది వల మీద బతికిన ఇల్లు. గట్లు లేని, పారే నీళ్లుంటే చాలు వాళ్లకు. చెరువు లీజుకు తీసుకున్న ఆసామికి కావలసింది ఆ గట్టే. ఇద్దరి చేతులూ ఒకే లెక్కలో పడ్డాయి. పైగా లీజుదారు ముందు వరుసలో కూర్చుని వెనక్కి తిరిగి చూస్తుంటే ఎవరి చేయి దిగుతుంది?

లెక్కల మాష్టారు:
అమ్మాయి చెప్పినదే అసలు విషయం. అవునా కాదా అని అడిగితే తలలు లెక్కకు వస్తాయి, తగవు రాదు. తగవును కొలవాలంటే వరుస అడగాలి: మొదట ఏది, తర్వాత ఏది, చివరికి ఏది.

ఊహకు మూడు దారులు పెడతాను. +5 ఉంచి జిరాయితీ (రైతుల సొంత పట్టా) భూములకు పరిహారం ఇవ్వడం ఒకటి. +3కు దించడం రెండు. +5 ఉంచి వలవేటకు హక్కు రాసివ్వడం మూడు. జిరాయితీ రైతు పరిహారం, +3, వలవేట అనే వరుస ఇస్తాడనుకుందాం. లీజుదారు +3, వలవేట, పరిహారం అంటాడు. వల వేసేవాడు వలవేట, పరిహారం, +3 అంటాడు. మూడు వర్గాలూ సమానమనుకుని రెండేసి దారులను పోటీకి పెట్టండి. పరిహారం +3ను గెలుస్తుంది, +3 వలవేటను గెలుస్తుంది, వలవేట తిరిగి పరిహారాన్ని గెలుస్తుంది. 18వ శతాబ్దంలోనే కొండార్సే అనే ఫ్రెంచి గణితవేత్త చూపిన చిక్కు ఇది. ఏ రెండింటిని ముందు ఓటుకు పెట్టామన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. +5, +3 మాత్రమే అడగడమంటే మూడో దారిని పోటీలోకే రానివ్వకపోవడం.

వరుసలు ఎంత కలిశాయో చెప్పడానికి కెండాల్ గుణకం ఉంది. అందరిదీ ఒకే వరుసైతే 1, ఏ పొంతనా లేకపోతే 0. పై ఉదాహరణలో ఊరంతటికీ కడితే 0 వస్తుంది. మరో ఊళ్లో ఎవరికి తోచింది వారు రాసినా 0 దగ్గరికే వస్తుంది. ఈ రెండూ ఒకటి కావు! వర్గం వారీగా కడితే మొదటి ఊళ్లో ప్రతి వర్గంలోనూ 1 వస్తుంది. అక్కడ మనుషులు అయోమయంలో లేరు, కట్టుగా ఉన్నారు. ఊరంతటికీ ఒకే అంకె కట్టే అధికారికి ఇది కనబడదు. నన్ను ఎక్కువ బాధించేది అదే.

బుడమేరు పక్కన:
మాష్టారూ, లెక్క బాగుంది. కానీ ఎవరిని అడుగుతారు? సరస్సు లోపలి బెడ్ గ్రామాలు, చుట్టూ ఉన్న బెల్ట్ గ్రామాలతో ఆపేస్తారా? బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడేది కొల్లేరులోనే. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్లలోకి నీళ్లు వచ్చినవాళ్లం మేము. సరస్సులో కొత్తగా ఒక గట్టు లేస్తే మాకు సంబంధం లేదా? కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రంలో గూడు కట్టే కొంగకు ఏ వరుసా రాయడం రాదు. కొన్నిటిని ఇష్టాయిష్టాల లెక్కలోకి తేకూడదు. వరద నీటికి దారి ఉండాలా వద్దా అని ఓటు పెట్టరు కదా.

గట్టుమీద రైతు:
చేతులెత్తించే పద్ధతి మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పిన్ని సంగతి చదివాక దాన్ని సమర్థించలేను. వరుసలు చీటీ మీద రహస్యంగా రాయించాలి, చదువు రానివారికి బొమ్మలు పెట్టాలి, ఊరితో సంబంధం లేనివాళ్లు ఇంటింటికీ వెళ్లి తీసుకోవాలి. నీటి దారిని ఓటుకు పెట్టకూడదన్నదీ ఒప్పుకుంటాను.

కానీ ఒక్కటి విడిచిపెట్టను. అభయారణ్యం హద్దులో దాదాపు 15 వేల ఎకరాల జిరాయితీ ఉంది. దాని పరిహారం గురించి విజయవాడ వారి వరుసకూ, ఆ భూమి మీదే బతికే రైతు వరుసకూ ఒకే బరువు వేస్తారా? ఈ బరువు ఎంతో ఎవరు నిర్ణయిస్తారు, మాష్టారూ?

లెక్కల మాష్టారు:
అది లెక్క చెప్పదు, రైతు గారూ. చీటీలు విప్పకముందే, అందరి ఎదుటా ఒప్పుకుని రాసుకోవలసిన మాట అది.