కోళ్ళ క్యాన్సర్ పనిని రౌస్ మధ్యలో వదిలెయ్యడం తప్పా?

పీజీ_రెండో_ఏడు:
నిన్న క్యాంటీన్‌లో మొదలైన గొడవ ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. పేటన్ రౌస్ న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాథాలజిస్టు. 1909లో ఒకామె రొమ్ము మీద గడ్డ లేచిన ప్లిమత్ రాక్ జాతి కోడిపెట్టను తెచ్చి చూపించింది. రౌస్ ఆ గడ్డను నూరి, కణాలు దాటలేని ఫిల్టరులో వడగట్టి, ఆ నీళ్ళను వేరే కోళ్ళకు ఎక్కించాడు. వాటికీ అదే క్యాన్సర్ వచ్చింది, అంటే కారణం కణాలకన్నా చిన్నదైన వైరస్. 1911లో ఆ సంగతి ప్రచురించాడు. పెద్దగా ఎవరూ నమ్మలేదు. 1915 నాటికి ఆ పని మానేసి, తర్వాత లివరు, పిత్తాశయం వైపు వెళ్ళిపోయాడు. ఆ కోళ్ళ పనికి నోబెల్ వచ్చింది 1966లో, 87వ ఏట! నన్నడిగితే భయపడి పారిపోయాడు.

పాత_స్లైడు:
తమ్ముడూ, "పారిపోయాడు" అనే ముందు అప్పటి బల్ల మీద ఏముందో చూడు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేదు. కణాలను సీసాలో పెంచడం అప్పుడప్పుడే మొదలైంది. "ఫిల్టరు దాటింది" అనడం తప్ప వైరస్ అంటే ఏమిటో చెప్పలేని రోజులు. ఎలుకల గడ్డల్లో అలాంటిదే దొరుకుతుందేమోనని వెతికాడు, దొరకలేదు. తలుపు మూసుంటే దాని ముందే కూర్చోవాలా? నేను ముప్పై ఏళ్ళు బయాప్సీలు చూశాను. రెండోసారి, మూడోసారి కోసి చూసినా ఏమీ తేలని గడ్డను పక్కన పెట్టడం కూడా పనిలో భాగమే.

రక్తదాత_శీను:
వదిలేశాక ఏం చేశాడో చెప్పరేం? 1916లో రౌస్, తోటి పరిశోధకుడు టర్నర్ కలిసి సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపేది), గ్లూకోజ్ కలిపిన ద్రావణంలో రక్తాన్ని వారాల తరబడి నిల్వ ఉంచొచ్చని చూపించారు. మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధరంగంలో అమెరికా సైన్యపు డాక్టరు రాబర్ట్‌సన్ ఆ పద్ధతితోనే ముందుగా రక్తం తీసి దాచిపెట్టాడు. ఈసారి బ్లడ్‌బ్యాంకుకు వెళ్తే సంచి మీద చూడండి, సీపీడీఏ అని ఉంటుంది. అందులో సీ అంటే సిట్రేట్, డీ అంటే డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజే. కోళ్ళ దగ్గరే కూర్చుని ఉంటే ఆ పని ఆయన చేసేవాడు కాదు.

పీజీ_రెండో_ఏడు:
అది గొప్ప పనే, కాదనను. కానీ అడిగింది క్యాన్సర్ గురించి కదా.

గోదారి_ఫారం:
నేను డాక్టర్ని కాదు, కోళ్ళ ఫారం నడుపుతా. అప్పట్లో రౌస్‌ని నమ్మనివాళ్ళు "కోడి జబ్బుకీ మనిషి క్యాన్సర్‌కీ ఏం సంబంధం" అన్నారంటే నవ్వొస్తోంది. మాకు హేచరీలో ఒక్కరోజు పిల్లకే మెడ వెనక చర్మం కింద మారెక్స్ (వైరస్ వల్ల కోళ్ళకు వచ్చే క్యాన్సర్ జబ్బు) టీకా పొడుస్తారు. అది వెయ్యకపోతే కాళ్ళు ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి చాపి పడిపోతాయి. కోసి చూస్తే లివరు నిండా గడ్డలే. రౌస్ చూసిన వైరస్ వేరు, ఇది హెర్పిస్ జాతి. కానీ వైరస్ వల్ల క్యాన్సర్ వస్తుందని మా దగ్గర ఎవరికీ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

పాత_స్లైడు:
అన్నా, ఈ ఒక్క కామెంటు చాలు. ఇంకోటి, ఆయన వదిలేసి ఊరుకోలేదు. 1933లో స్నేహితుడు రిచర్డ్ షోప్ కుందేళ్ళ పులిపిర్లకు వైరస్ కారణమని చూపించి, ఆ పనిని రౌస్ చేతికి అప్పగించాడు. ఆ పులిపిర్లే క్యాన్సర్‌గా ముదురుతాయని రౌస్ బృందం చూపించింది. నోబెల్ ఆలస్యానికి మరో పాపం కూడా ఉంది. రౌస్ పేరు నోబెల్‌కు మొదటిసారి వెళ్ళింది 1926లో. ఆ ఏటి బహుమతి డెన్మార్క్ శాస్త్రవేత్త ఫిబిగర్‌కు ఇచ్చారు, పురుగుల వల్ల ఎలుకల కడుపులో క్యాన్సర్ వచ్చిందన్నందుకు. తర్వాత అది నిలబడలేదు.

పీజీ_రెండో_ఏడు:
సరే, "పారిపోయాడు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ అసలు కోపం వేరే ఉంది. 1966 నోబెల్ ఉపన్యాసంలో, శరీర కణాల జన్యువుల్లో మార్పుల వల్ల క్యాన్సర్ వస్తుందనే వాదాన్ని ఆయనే కొట్టిపారేశాడు. పదేళ్ళు తిరగకుండానే, 1976లో, ఆయన వైరస్‌లోని క్యాన్సర్ జన్యువుకు మూలం మామూలు కోడి కణాల్లోనే ఉందని అమెరికా శాస్త్రవేత్తలు బిషప్, వార్మస్‌ల బృందం తేల్చింది. ఒకప్పుడు తన మాట నమ్మలేదని బాధపడ్డ మనిషి, ఎదుటివాళ్ళ మాట వినొద్దా?

పాత_స్లైడు:
అక్కడ నీతో వాదించను. ఆ ఉపన్యాసం చదివినప్పుడు నాకూ చిరాకేసింది.

పీజీ_రెండో_ఏడు:
గోదారి అన్నా, ఆ టీకా వేస్తున్న ఫొటో ఉంటే పెట్టండి. సోమవారం సెమినార్ నాదే.